"మనకెందుకక్కా, డాక్టర్ గారు చూసుకుంటారు కదా": నర్సు బాధ్యతపై అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో సర్జికల్ వార్డుల్లో పదిహేనేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలందరి నోటా ఎప్పుడో ఒకప్పుడు పై మాట విన్నాను. మందుల గురించి చక్కగా చదువుకుని వస్తారు. తమ బాధ్యత ఎంతవరకో మాత్రం వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పి ఉండరు.

అపోహ: ఆర్డర్ డాక్టర్‌ది కాబట్టి బాధ్యత కూడా డాక్టర్‌దే.

మందు రాసేది డాక్టరే, కానీ ఎక్కించేది మనం. నష్టపరిహారం కేసులో ఆసుపత్రి కూడా జవాబు చెప్పుకోవాలి, నిజమే. అయితే నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిందని క్రిమినల్ కేసు పెడితే, ఆ పని చేసిన మనిషి కూడా నిందితురాలు కావచ్చు. నర్సింగ్ కౌన్సిల్ ముందు నిలబడ్డప్పుడు "సార్ చెప్పారు" అంటే సరిపోదు.

ఒక నైట్ డ్యూటీ చెప్తాను. రాత్రి రెండింటికి పొటాషియం బాగా తగ్గిందని ల్యాబ్ నుంచి రిపోర్ట్ వచ్చింది. డ్యూటీ డాక్టర్ ఎమర్జెన్సీలో ఉన్నారు. ఫోన్‌లో "కేసీఎల్ (పొటాషియం క్లోరైడ్) ఒక యాంప్యూల్ ఇచ్చెయ్యండి" అన్నారు. పక్కనున్న జూనియర్ అప్పటికే సిరంజి కవర్ చింపేసింది. మా దగ్గరుండే పది ఎం.ఎల్. యాంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం ఉంటుంది. దాన్ని కలపకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపి, ఫోన్‌లోనే అడిగాను: "సార్, అరలీటరు సెలైన్‌లో కలిపి, నాలుగు గంటలు నడిచేలా పెడుతున్నాను. అంతేనా?" "అంతే సిస్టర్, అంతే" అన్నారు. టైమ్, ఆర్డర్, తిరిగి చదివి వినిపించిన సంగతి కేస్ షీట్‌లో రాశాను. పొద్దున ఆయన సంతకం పెట్టారు. అడిగినందుకు ఆయనకు కోపమేమీ రాలేదు.

అపోహ: భర్తో, కొడుకో సంతకం పెడితే కన్సెంట్ (ఆపరేషన్‌కు పేషెంట్ అనుమతి) వచ్చినట్టే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. 18 ఏళ్లు నిండి, స్పృహలో ఉండి, చెప్పింది అర్థం చేసుకోగల మనిషి విషయంలో ఒప్పుకోవాల్సింది ఆ మనిషే. ప్రాణం మీదకొచ్చి, అడిగే వీలు లేనప్పుడు వేరే సంగతి. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చి చెప్పింది. లాపరోస్కోపీ (కడుపులోకి చిన్న కెమెరా పంపి చూసే) పరీక్షకని వెళ్లిన ఆవిడకు మత్తులో ఉండగానే, తల్లి ఒప్పుకుందని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆ తల్లి అనుమతి చెల్లదంది కోర్టు.

గర్భసంచి ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. అందుకే ఈ తీర్పు మన వార్డుల్లో రోజూ గుర్తుండాలి.

పాతబస్తీ నుంచి ఒకావిడ వచ్చింది. ఫారం ఇంగ్లీషులో ఉంది, కింద ఆమె వేలిముద్ర, పక్కనే భర్త సంతకం. థియేటర్‌కి పంపేముందు నాకొచ్చిన ఉర్దూలోనే అడిగాను, ఏం ఆపరేషనో చెప్పారా అని. గడ్డ తీస్తారట అంది. గర్భసంచి కూడా అన్నాను. కాసేపు నా మొహంలోకే చూసి, "ఫిర్ బచ్చే నై హోతే క్యా?" (అయితే ఇక పిల్లలు పుట్టరా?) అంది. సర్జన్‌ని పిలిచాను. ఆపరేషన్ వివరం చెప్పాల్సింది ఆయనే, నేను కాదు. ఆ రోజు కేసు వాయిదా పడింది. ఆయన ఆమె మంచం పక్కనే అరగంట కూర్చుని మాట్లాడారు. మూడు రోజుల తర్వాత మళ్లీ వేలిముద్ర వేసింది, ఈసారి దేనికో తెలిసి.

అపోహ: డ్యూటీ అయ్యాక అంతా కలిపి రాసేయొచ్చు, తప్పుపోతే వైట్‌నర్ ఉంది.

ఆరింటి బీపీని నాలుగింటికే చార్ట్‌లో నింపేయడం నేను కళ్లారా చూశాను. అది దొంగ రికార్డే. చేసినప్పుడే రాయండి. తప్పుపడితే కింద ఏముందో కనిపించేలా ఒక్క గీత కొట్టి, సరైంది పక్కన రాసి, తేదీ, టైమ్, సంతకం పెట్టండి. వైట్‌నర్ కనిపించిన షీట్‌ని కోర్టులో ఎవరూ నమ్మరు.

అపోహ: హెచ్‌ఐవి పేషెంట్ బెడ్ దగ్గర ఎర్ర అక్షరాలతో రాస్తేనే స్టాఫ్‌కి రక్షణ.

ఆ అక్షరాలు స్టాఫ్ కంటే ముందు పక్క బెడ్ అటెండెంట్లు చదువుతారు. ఆ మనిషి ఊరికి కబురు చేరడానికి ఎంతోసేపు పట్టదు. 2017 హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఆ సమాచారం ఇలా బయటపెట్టకూడదు. ఎవరికి ఏముందో పరీక్షల్లో అన్నిసార్లూ తెలియదు కాబట్టి, గ్లవ్స్, సూదుల జాగ్రత్త ప్రతి పేషెంట్ దగ్గరా ఒకేలా ఉండాలి. సూది గుచ్చుకుంటే ఆ చోట పిండకండి. సబ్బు, నీళ్లతో కడిగి, వెంటనే ఇన్‌చార్జ్‌కి చెప్పండి. నివారణ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు.