డ్రైవర్ లేని చైనా లారీలు: అపోహలు – వాస్తవాలు

డ్రైవర్ లేకుండా పార్సిళ్లు మోసే చైనా బండ్ల వీడియోలు మన వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్నాయి. ఇక డ్రైవర్ల పని అయిపోయినట్టే అని కొందరంటారు. అదంతా షో, వెనక గదిలో కూర్చుని మనిషే నడుపుతాడని ఇంకొందరంటారు. నేను పోర్టుల్లోని కంటైనర్ టెర్మినళ్ల ఆటోమేషన్‌లో పని చేస్తాను. ఈ రంగంలో ఉన్నవాడిగా నాకు ఈ రెండు మాటలూ తప్పేననిపిస్తుంది. ఏ బండి గురించి విన్నా నేను ముందు అడిగేది అది ఎక్కడ తిరుగుతోందని. పోర్టు, గని లాంటి చోట గేటు లోపలా, ఊళ్లోనా, హైవే మీదా? బండి ధర, వేగం, మనిషి అవసరం అన్నీ ఆ జవాబును బట్టే ఉంటాయి.

అపోహ: చైనా హైవేల మీద లారీలు డ్రైవర్ లేకుండా తిరిగేస్తున్నాయి.

సాధారణ సరుకు రవాణాలో అలా లేదు. సీట్లో డ్రైవర్ ఉంటాడు. షాంఘైకి చెందిన ఇన్‌సెప్టియో కంపెనీనే తీసుకోండి. 2018లో మొదలైంది. 2021 చివరికల్లా లారీలు తయారుచేసే డాంగ్‌ఫెంగ్, సైనోట్రక్‌లతో కలిసి సెల్ఫ్ డ్రైవింగ్ సిస్టమ్ బిగించిన భారీ లారీలను ఫ్యాక్టరీ నుంచే తెచ్చింది. కొరియర్ కంపెనీల సరుకుతో లాంగ్ రూట్లలో అవి తిరుగుతున్నాయి. 2024లో మొత్తం 10 కోట్ల కిలోమీటర్లు దాటామని కంపెనీ ప్రకటించింది. హైవే ఎక్కాక స్టీరింగు, బ్రేకు, యాక్సిలరేటరు సిస్టమ్ చూసుకుంటుంది. డ్రైవర్ రోడ్డు మీద కన్నేసి ఉంచాలి, అవసరమైతే వెంటనే స్టీరింగు అందుకోవాలి.

మరి ఓనరుకు ఏం మిగులుతుంది? డీజిల్ మిగులుతుంది. ముందు ఎత్తు వస్తోందా పల్లం వస్తోందా అన్నది మ్యాపులో తెలుసు కాబట్టి వేగం ముందే సర్దుకుంటుంది. రెండోది అలసట. ఏకబిగిన 4 గంటలు నడిపితే కనీసం 20 నిమిషాలు ఆగి తీరాలని చైనా నిబంధన. టైముకు చేరాల్సిన లాంగ్ రూట్ లారీల్లో అందుకే ఇద్దరు డ్రైవర్లను వేస్తారు. సిస్టమ్ తోడుంటే కొన్ని రూట్లు ఒక్కరితో గడుస్తాయా అన్నది ఓనర్లు వేసుకునే లెక్క.

ఆ ఒక్కరినీ ఎందుకు దించలేకపోతున్నారంటే, ఊళ్లో తిరిగే చిన్న బండికి అనుమానం వస్తే ఆగిపోతుంది, అంతటితో సరి. చైనాలో ఆరు యాక్సిళ్ల లారీ లోడుతో 49 టన్నుల దాకా ఉండొచ్చు. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. అంత బరువు హైవే లేన్ మధ్యలో ఆగితే ఆ ఆగడమే ప్రమాదం. కాబట్టి ఏ భాగం చెడిపోయినా లారీ తనంతట తాను పక్కకు తీసుకుని నిలబడగలగాలి. దానికి బ్రేకు కంట్రోల్, స్టీరింగు మోటారు, కరెంటు సప్లై అన్నీ రెండేసి సెట్లు కావాలి. అందుకే 2023 డిసెంబరులో చైనా రవాణా శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు సరుకు మోసే సెల్ఫ్ డ్రైవింగ్ వాహనాల్లో సూత్రప్రాయంగా సేఫ్టీ సిబ్బంది ఉండాలన్నాయి. ముందు లారీలో మనిషిని పెట్టి, వెనక లారీలు దాన్ని అనుసరించేలా పోనీ.ఏఐ లాంటి కంపెనీలు బీజింగ్-తియాన్‌జిన్ వైపు చేస్తున్నవి ట్రయల్సే.

టూసింపుల్ కథ ఇక్కడ చెప్పాలి. శాన్‌డియాగోలో, చైనాలో ఆఫీసులున్న కంపెనీ. 2021 డిసెంబరులో అమెరికాలోని ఆరిజోనాలో టూసాన్ నుంచి ఫీనిక్స్ దాకా 80 మైళ్లు లారీలో మనిషి లేకుండా నడిపి చూపించింది. 2022 ఏప్రిల్‌లో అదే రాష్ట్రంలో దాని లారీ ఒకటి హైవే మీద ఉన్నట్టుండి ఎడమకు తిరిగి కాంక్రీట్ గోడను కొట్టింది. రెండున్నర నిమిషాల కిందటి పాత ఆదేశాన్ని కంప్యూటర్ అప్పుడు అమలు చేసిందని కంపెనీ లోపలి రిపోర్టులో తేలింది. ఆ రోజు సీట్లో మనిషి ఉన్నాడు, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. 2024 మొదట్లో కంపెనీ అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్ నుంచి బయటికి వచ్చింది. నా దృష్టిలో ఇందులో భయపెట్టే విషయం కెమెరా పొరబడటం కాదు. పాతబడిన ఆదేశాన్ని చెత్తబుట్టలో వేయాలన్న చిన్న చెకింగ్ అక్కడ పని చేయకపోవడం.

అపోహ: పోర్టులో నడిచిన బండి రోడ్డు మీదా నడుస్తుంది.

ఇది నా పని కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 2017 డిసెంబరులో మొదలైన షాంఘై యాంగ్‌షాన్ నాలుగో దశ టెర్మినల్‌లో డ్రైవర్ లేని బండ్లు నేలలో పాతిన అయస్కాంత మేకులను చదువుకుంటూ వెళతాయి. అవి తిరిగే చోటికి మనుషులను రానివ్వరు. 2021 అక్టోబరులో తియాన్‌జిన్‌లో తెరిచిన టెర్మినల్ ఇంకో దారి పట్టింది. అక్కడ మేకులు లేవు. చైనా సొంత జీపీఎస్ లాంటి బెయ్‌డౌ ఉపగ్రహాల సిగ్నల్, 5జీ, బండి మీది సెన్సార్లతోనే నడిపిస్తారు. యార్డు, అంటే కంటైనర్లు పేర్చే చోటు, తవ్వకుండా పాత పోర్టులకు కూడా పెట్టుకోవచ్చన్నది దీని బలం.

అయితే పోర్టులో కష్టం డ్రైవింగ్ ఒక్కటే కాదు. క్రేన్ కింద బండి కొన్ని సెంటీమీటర్ల తేడాలో ఆగకపోతే కంటైనర్ దిగదు. ఓడలో ఒక కంటైనర్‌ను ఇంకోదానికి బిగించే ట్విస్ట్ లాక్‌లు నాలుగు మూలలా ఉంటాయి. యార్డుకు వెళ్లేలోపు వాటిని తీయాలి. తియాన్‌జిన్‌లో దానికి ప్రత్యేకంగా ఒక చోటు పెట్టి, బండి అక్కడ ఆగి లాక్‌లు తీయించుకుని ముందుకు కదిలేలా చేశారు. అంటే బండికి తగ్గట్టు పోర్టు పనితీరునే మార్చారు. బయటి రోడ్డును అలా మార్చడం ఎవరి చేతిలోనూ లేదు.

మామూలు లారీలతో కలిపి నడపడం ఇంకో మెట్టు. షాంఘై కంపెనీ వెస్ట్‌వెల్ బండ్లు 2020 నుంచి థాయ్‌లాండ్‌లోని లేమ్ చబాంగ్ పోర్టులో ఆ పని చేస్తున్నాయి. నాకు అత్యంత విలువైన ప్రయోగం ఇదే. క్రేన్ దగ్గర క్యూలో మనిషి నడిపే లారీ ఆరంగుళాల సందు దొరికినా దూరుతుంది, డ్రైవర్లు చేయి ఊపి ఒకరికొకరు దారిచ్చుకుంటారు. ఆ చేయి ఊపు సెన్సార్‌కు అర్థం కాదు. జాగ్రత్త ఎక్కువ పెడితే బండి కదలదు, తక్కువ పెడితే ప్రమాదం. సైట్ ఇంజినీర్ల టైమంతా ఈ రెండింటి మధ్యే పోతుంది.

అపోహ: చిన్న బండి పార్సిల్‌ను ఇంటి గుమ్మం దాకా తెస్తుంది.

కొన్ని క్యాంపస్‌లలో, గేటెడ్ కాలనీల గేటు దాకా తెచ్చేవి ఉన్నాయి. కానీ నియోలిక్స్, జీలోస్, రైనో లాంటి కంపెనీలు వేల సంఖ్యలో బండ్లు అమ్ముతున్నది వేరే పనికి. పార్సిళ్లను ఏరియాల వారీగా వేరు చేసే సార్టింగ్ సెంటర్ నుంచి పేటలోని కొరియర్ ఆఫీసు దాకా సరుకు చేర్చడానికి. జీలోస్ జెడ్5 మోడల్‌లో 5 ఘనపు మీటర్ల సరుకు పడుతుంది. రోజూ అదే రూట్, అదే టైము, రెండు చివరలా సరుకు ఎక్కించి దింపే మనుషులు. గుమ్మానికి కొరియర్ కుర్రాడే వస్తాడు. మధ్యలో డిపోకు వెళ్లి రావడం తప్పింది కాబట్టి ఆ టైములో ఇంకొన్ని ఇళ్లు తిరుగుతాడు.

అపోహ: ఇవన్నీ కోట్లు పోసి చేసే హంగులు.

ఒకప్పుడు నిజమే. లేజర్ కిరణాలతో చుట్టూ దూరాలు కొలిచే సెన్సార్‌ను లైడార్ అంటారు. వెలొడైన్ వారి 64 కిరణాల లైడార్ ఒక్కటే దాదాపు 75,000 డాలర్లుండేది. ఇప్పుడు షాంఘై కంపెనీ హెసాయ్ 200 డాలర్ల లోపు లైడార్ అమ్ముతోంది. 2025లో జీలోస్ ఒక మోడల్‌ను 19,800 యువాన్లకు, అంటే రెండున్నర లక్షల రూపాయల లోపుకే ప్రకటించింది. అయితే సాఫ్ట్‌వేర్‌కు నెలనెలా చందా వేరే కట్టాలి. బండి ధర చూసి మురిసిపోయేవాళ్లకు నేను చెప్పేది ఆ చందాను ఐదేళ్లకు లెక్కేసుకోమని.

అపోహ: లైడార్ ఉంటే కనిపించనిదంటూ ఉండదు.

రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీదుగా, తడి కాంక్రీట్ మీదుగా చక్కగా వెళ్లిపోయిన బండ్ల వీడియోలు చైనాలో వైరల్ అయ్యాయి. లైడార్ దూరాన్ని, ఎత్తును కొలుస్తుంది. నేలకు అతుక్కుని పలచగా ఉన్న వడ్లకు చెప్పుకోదగ్గ ఎత్తుండదు. కెమెరాకు రంగు తేడా కనిపించినా, అది రైతు పంట అని ముందే నేర్పి ఉండకపోతే అది కూడా రోడ్డే. కోతల కాలంలో రోడ్ల మీద వడ్లు ఆరబోసే మన ఊళ్లలో ఎవరైనా ఈ బండి దింపాలనుకుంటే మొదట పరీక్షించాల్సింది ఇదే.

అపోహ: చైనాలో అడిగేవాడు లేడు, అందుకే ఇంత వేగం.

అనుమతి ఊరు ఊరికీ, కొన్నిచోట్ల రోడ్డు రోడ్డుకీ విడిగా ఉంటుంది. బీజింగ్‌లోని యిజువాంగ్ ప్రాంతం 2021లో ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ జేడీ, ఫుడ్ డెలివరీ కంపెనీ మేయిటువాన్, నియోలిక్స్ బండ్లకు నంబర్లిచ్చి రోడ్డెక్కనిచ్చింది. ఇక కార్ల సంగతికొస్తే, 2025 ఏప్రిల్‌లో ప్రకటనల్లో డ్రైవర్‌కు తోడ్పడే సిస్టమ్‌ను గొప్పగా "ఆటోనమస్ డ్రైవింగ్" అని చెప్పుకోవద్దని ప్రభుత్వం కంపెనీలను కట్టడి చేసింది.

అపోహ: ఇక మనుషులతో పని లేదు.

కొన్ని గనుల్లో మాత్రం క్యాబిన్ ఖాళీ అవడం కాదు, క్యాబిన్ అనేదే పోయింది. 2025 మేలో ఇన్నర్ మంగోలియాలోని యిమిన్ బొగ్గు గనిలో క్యాబిన్ లేని 100 ఎలక్ట్రిక్ లారీలను ఒకేసారి దింపారు. ఒక్కోటీ 90 టన్నులు మోస్తుంది, మైనస్ 40 డిగ్రీల చలిలోనూ నడిచేలా కట్టారు. ఆ చలిలో, దుమ్ములో పన్నెండు గంటల షిఫ్టు మనిషికి తప్పడం మంచిదే.

మిగతా చోట్ల పని చేతులు మారింది. ఇరుక్కుపోయిన బండిని స్క్రీన్ మీద చూసి దారి చెప్పడం, లైడార్ అద్దం మీది ఉప్పు, మసి తుడవడం, టైర్లు, ఛార్జింగ్ చూడటం. చాలా పోర్టుల్లో ట్విస్ట్ లాక్ తీసేది ఇప్పటికీ చేత్తోనే. కానీ దింపేసిన డ్రైవర్లకే ఈ పనులు దొరుకుతాయని ఎవరూ హామీ ఇవ్వడం లేదు. యాభై ఏళ్ల ట్రైలర్ డ్రైవర్‌ను స్క్రీన్ ముందు కూర్చోబెట్టాలంటే ఆరు నెలల ట్రైనింగ్, ఆ ఆరు నెలల జీతం కంపెనీ భరించాలి. టెర్మినల్ ఆటోమేషన్ కాంట్రాక్టులో బండ్ల లెక్క రాసినంత వివరంగా ఆ ఖర్చునూ రాయించాలని నేను ప్రతి ప్రాజెక్టులో పట్టుబడతాను.