మాజాంగ్ బిళ్లలాట: పిన్నమ్మ అపోహలు, నా సంజాయిషీలు

తిరుపతి కొర్లగుంటలో మేడమీది గదిలో కూర్చుని, జత బిళ్లలు తీసే మాజాంగ్ ఆటకు కోడ్ రాయడం నా పని. ఊళ్లో ఈ మాట చెబితే "అదేం పని సామీ?" అంటారు. కానీ చిత్తూరు బస్సెక్కితే ఎవరో ఒకరి ఫోన్‌లో ఆ బిళ్లలు కనిపిస్తూనే ఉంటాయి. నా పనికి మొదటి విమర్శకురాలు మా పిన్నమ్మ. కింద రాసిన అపోహల్లో సగం ఆమెవే.

అపోహ: గేమ్ కావాలనే ఓడిస్తుంది

"ఏం నాయనా, రెండే బిళ్లలు మిగిలినాయి. రెండూ ఒకే బొమ్మ. అయినా పోనీదు చూడు, మోసం చేస్తా ఉండాది" అని సంక్రాంతికి ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. చూస్తే ఆ రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. బిళ్ల కదలాలంటే దాని మీద ఏదీ ఉండకూడదు, ఎడమో కుడో ఒక పక్క ఖాళీగా ఉండాలి. పైది ఉన్నంతసేపు కిందిది కదలదు. కిందిది కదలనంతసేపు పైదానికి జత లేదు.

అసలు తప్పు ఎప్పుడో జరిగిపోయింది. మొత్తం 144 బిళ్లలు. పూలు, రుతువులు తప్ప ప్రతి బొమ్మా నాలుగుసార్లు వస్తుంది. ఆమెకు చిక్కు తెచ్చింది మూడు చుక్కల బిళ్ల. నాలుగింటిలో రెండు విడిగా ఉన్నాయి, మిగతా రెండు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఆమె విడిగా ఉన్న రెంటినీ టక్కున జత చేసేసింది. ఆ క్షణమే ఆట అయిపోయింది, కాకపోతే ఆమెకు తెలిసింది అరగంట తర్వాత. విడి బిళ్ల ఒకటి, దొంతర పైది ఒకటి ముందు తీసి ఉంటే, రెండో విడి బిళ్లకు కిందిది దక్కేది.

ఈ ఆట గొప్పదనమూ, లోపమూ రెండూ ఇక్కడే ఉన్నాయి. రెండు నిమిషాల్లో నేర్చుకోవచ్చు, అయినా ఏ జత ముందు తీయాలన్న ప్రశ్న ఎప్పటికీ తీరదు. కానీ తప్పు చేసిన చోట గేమ్ నోరు విప్పదు. నాలుగూ ఒకేసారి కదిలేలా ఉంటే నిశ్చింతగా తీసేయొచ్చు. మూడే కదిలేలా ఉంటే మాత్రం ఏ రెండు తీస్తే ఎక్కువ బిళ్లలు బయటపడతాయో చూడాలి.

అపోహ: బాగా ఆడితే ప్రతి బోర్డూ గెలవచ్చు

ఉత్త చేత్తో కలిపినట్టు పంచితే అన్నీ గెలవలేం. అందరికీ తెలిసిన తాబేలు ఆకారంలో, కింద ఏముందో అన్నీ కనిపించినా, వందకు దాదాపు మూడు బోర్డులు తీరనే తీరవు. అందుకని మాలాంటివాళ్లం వెనక నుంచి పంచుతాం. ముందు బొమ్మల్లేని ఖాళీ బిళ్లలతో తాబేలు కట్టి, కదిలే బిళ్లలు రెండు తీసి, ఆ రెంటికీ ఒకే బొమ్మ ఇస్తాం. అలా చివరిదాకా పోతే దారి ఒకటి ఖాయంగా ఉంటుంది. ఆ దారి మీకు దొరుకుతుందని మాత్రం కాదు.

ఇక్కడ నా తప్పూ ఒకటి చెప్పాలి. మొదటి వెర్షన్‌లో షఫుల్ బటన్ నేనే రాశాను. ఒకదాని మీద ఒకటి రెండే మిగిలినప్పుడు షఫుల్ కొడితే బొమ్మలు తారుమారవుతాయి, అంతే. ఉండేవి అవే రెండు బొమ్మలు కదా! పిన్నమ్మ ఒక్కో షఫుల్‌కు ఒక్కో యాడ్ చూసి మూడుసార్లు కొట్టింది. నాలుగోసారి ఫోన్ సోఫా మీదికి విసిరింది. ఇప్పుడు ఆ బటన్ బిళ్లలు ఉండే చోటు కూడా మారుస్తుంది.

అపోహ: ఇది వేల ఏళ్లనాటి చైనా ఆట

నలుగురు కూర్చుని ఆడే మాజాంగ్ చైనాది, అదీ 19వ శతాబ్దంలో రూపు దిద్దుకున్నదే. ఒంటరిగా జతలు తీసే ఈ ఆట కంప్యూటర్‌లో పుట్టింది. అమెరికాలో బ్రోడీ లాకర్డ్ 1981లో ప్లేటో అనే కంప్యూటర్ వ్యవస్థ మీద రాశాడు. జిమ్నాస్టిక్స్‌లో దెబ్బ తగిలి ఆయనకు మెడ కింది భాగం చచ్చుబడింది. 1986లో యాక్టివిజన్ అనే గేమ్ కంపెనీ ఆ ఆటనే 'షాంఘై' పేరుతో అమ్మింది. చేతివేగం అక్కర్లేని ఆట అలాంటి మనిషి నుంచి రావడంలో వింతేముంది? నాకైతే ఇది బాలాజీ కాలనీ నెట్ సెంటర్‌లో, విండోస్ విస్టాతో వచ్చిన మాజాంగ్ టైటాన్స్‌గా పరిచయం. యాడ్ ఒక్కటీ ఉండేది కాదు.

అపోహ: రోజూ ఆడితే జ్ఞాపకశక్తి పెరుగుతుంది

ఈ ఆటలో చెయ్యి తిరుగుతుంది. కళ్లజోడు ఎక్కడ పెట్టామో గుర్తుండటానికి అది పనికొస్తుందని గట్టి ఆధారం లేదు. మెదడుకు పదును పెడతామని అతిగా ప్రచారం చేసుకున్న లుమోసిటీ అనే మెదడు ఆటల యాప్ 2016లో అమెరికా ప్రభుత్వ సంస్థకు 20 లక్షల డాలర్లు కట్టి కేసు సర్దుబాటు చేసుకుంది. మా యాప్ వివరణలో జ్ఞాపకశక్తి పెరుగుతుందని రాద్దామని ఒకాయన పట్టుబడితే నేను ఒప్పుకోలేదు. టెన్షన్ తగ్గుతుందంటారా, బస్సులో కూర్చున్న మొహాలు చూస్తే నాకూ అలాగే అనిపిస్తుంది.

అపోహ: పెద్దవాళ్లకు ఇదే తేలికైన ఆట

రూలు తేలికే, చూపుకే కష్టం. తాబేలు అడ్డంగా 15 బిళ్లలు. ఫోన్ నిలువుగా పట్టుకుంటే ఒక్కోటి సుమారు నాలుగు మిల్లీమీటర్లు. మన బొటనవేలు దానికి మూడింతలు! పైగా చాలా బిళ్లల మీద చైనా అక్షరాలు. ఇంకో తిరకాసు, నాలుగు పూల బొమ్మలూ వేరువేరుగా ఉన్నా ఒకదానికొకటి జతే. రుతువులూ అంతే. ఈ సంగతి తెలియక ఎంతమంది మధ్యలో ఆపేశారో!

అందుకే ఇప్పుడు 72 బిళ్లల బోర్డు ఒకటి చేస్తున్నాను, చైనా అక్షరాలు లేకుండా. మొన్న పిన్నమ్మకు చూపించాను. రెండు బోర్డులు ఆడి, "ఇది చిన్నపిల్లకాయలకు నాయనా, ఆ పాతదే పెద్దగా చేసియ్యి" అంది.