ఐలమ్మ కౌలు రైతే: ఎర్రజెండా పాత పోరు, కొత్త ఎజెండా

2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో సీపీఎం ఒంటరిగా 19 చోట్ల పోటీ చేసింది, ఒక్క సీటూ రాలేదు. కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకున్న సీపీఐ కొత్తగూడెం ఒక్కటే గెలిచింది. 2024లో ఎన్నికైన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో ఈ రెండు పార్టీలకూ ఎమ్మెల్యే లేడు. ఓట్ల లెక్క ఇంతే. కానీ ఈ పార్టీలు ఇప్పుడు ముందు పెడుతున్న కౌలు రైతుకు గుర్తింపు, పేదలకు ఇళ్ల స్థలాలు, కుల వివక్ష మీద పోరాటం నిన్నా మొన్నా పుట్టినవి కావు.

నిజాం కాలంలో నల్లగొండ, వరంగల్ పల్లెల్లో దొర గడీ అంటే కచేరీ, ఠాణా, జైలు అన్నీ అదే. వెట్టి కులాలవారీగా పంచి ఉండేది. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, మోటకు తోలు తేవాలి, గొల్లవాళ్లు పండగకి మేకల్ని తోలాలి. కూలి అడిగితే కొరడా. 1944లో భువనగిరి సభతో ఆంధ్ర మహాసభ పగ్గాలు రావి నారాయణరెడ్డి వంటి కమ్యూనిస్టుల చేతికొచ్చాక, జనం నోట్లో దాని పేరు ఉత్త 'సంఘం' అయిపోయింది.

పాలకుర్తి చాకలి ఐలమ్మ కథ అందరికీ తెలిసిందే. ఒక్క సంగతి మాత్రం తక్కువగా చెబుతారు. ఆమె కౌలు రైతు. మల్లంపల్లి దొర దగ్గర కౌలుకు తీసుకున్న భూమిలో కొంత సాగు చేస్తే, ఆ పంటా భూమీ తనవేనని విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషుల్ని పంపాడు. సంఘం కార్యకర్తలు పొలంలో దిగి వరి కోసి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద అదే దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు, దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అక్కడి నుంచి కథ సాయుధ పోరాటంలోకి మళ్లింది.

కమ్యూనిస్టు పార్టీ లెక్క ప్రకారం 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచారు. 4,000 మంది ప్రాణాలు పోయాయి. పంపకంలో భూస్వామి దగ్గర మిగల్చే భూమికి గరిష్ఠ పరిమితి మొదట 500 ఎకరాలు, తర్వాత 200, చివరికి మెట్ట 100, మాగాణి 10. ధనిక రైతును దూరం చేసుకోకూడదన్న జాగ్రత్త ఆ మొదటి అంకెలోనే కనిపిస్తుంది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాక నిజాం లొంగిపోయాడు, చాలా ఊళ్లలో దొరలు మాత్రం తిరిగొచ్చారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే వినోబా పోచంపల్లిలో భూదానం మొదలుపెట్టడం యాదృచ్ఛికం కాదు.

1952 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లొచ్చాయి. 1955లో ఆంధ్ర రాష్ట్ర అసెంబ్లీలో పార్టీ 15 సీట్లకు పడిపోయింది. 1964లో రెండుగా చీలింది. 1973 భూ సంస్కరణల చట్టం వచ్చేసరికి బంధువుల పేర్ల మీదా, బినామీల పేర్ల మీదా పొలాలు సర్దేసుకున్నవాళ్లే ఎక్కువ.

కులం విషయంలో పార్టీ ఆలస్యం చేసిందనే నా అభిప్రాయం. కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య తన పేరులోంచి 'రెడ్డి' తీసేశాడు, కుర్రతనంలోనే సొంతూరు అలగానిపాడులో దళితుల కోసం నిలబడ్డాడు. కానీ వర్గ పోరాటం గెలిస్తే కులం దానంతటదే పోతుందన్న నమ్మకం పార్టీలో చాలాకాలం నడిచింది. 1998లో కుల వివక్ష వ్యతిరేక పోరాట సంఘం పెట్టాక సీపీఎం కార్యకర్తలు టీ హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి, గుడి ప్రవేశం, శ్మశానానికి దారి వంటివి నేరుగా పట్టుకున్నారు. దళిత సంఘాలతో కలిసి చేసిన ఒత్తిడి ఉమ్మడి రాష్ట్రంలో 2013 ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం దాకా వెళ్లింది.

ఈలోపు భూమి మళ్లీ రక్తం తీసుకుంది. 2004లో భూముల సంగతి చూడమని ప్రభుత్వమే వేసిన కోనేరు రంగారావు కమిటీ 104 సిఫారసులు చేసింది. ఇళ్ల స్థలాలు, సాగు భూముల కోసం సాగిన ఆందోళనలో 2007 జులై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలయ్యారు. వామపక్ష సభల్లో బషీర్‌బాగ్ (2000 ఆగస్టు 28, హైదరాబాద్‌లో కరెంటు చార్జీల ఆందోళన మీద పోలీసు కాల్పులు) పక్కన ఆ పేరు ఇప్పటికీ వినిపిస్తుంది.

2016 అక్టోబరులో అప్పటి సీపీఎం తెలంగాణ కార్యదర్శి తమ్మినేని వీరభద్రం 'సామాజిక న్యాయం' నినాదంతో మొదలుపెట్టిన పాదయాత్ర దాదాపు అయిదు నెలలు సాగింది. 2018లో సీపీఎం ముందుండగా బహుజన లెఫ్ట్ ఫ్రంట్ పుట్టింది. లాల్-నీల్, అంటే ఎర్రజెండా, అంబేడ్కర్ నీలిజెండా కలవాలన్నారు, బీసీలకు పెద్ద వాటా టికెట్లిచ్చారు. ఫలితం సున్నా. ఏళ్ల తరబడి ఊళ్లో చేయాల్సిన పనిని ఎన్నికల సీజన్‌లో చేయబోతే అలాగే ఉంటుంది.

కౌలు సంగతి ఇంకా తేలలేదు. 2011లో రుణ అర్హత కార్డులన్నారు. 2019 ఆంధ్రప్రదేశ్ చట్టంలో కార్డు రావాలంటే యజమాని సంతకం తప్పనిసరి చేశారు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానికి టెన్షన్, అడిగితే వచ్చే ఏడాది కౌలు ఇవ్వరేమోనని రైతుకు భయం. తెలంగాణలో 2018 నాటి రైతుబంధు పట్టాదారుకే ఇచ్చారు, 2025లో మొదలైన రైతు భరోసా కూడా ఎకరాకు ఏడాదికి 12 వేలు పట్టాదారు ఖాతాలోనే వేస్తోంది. 2024లో హైదరాబాద్ మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టిన ప్రభుత్వమూ ఇదే. యజమాని సంతకంతో పనిలేకుండా, సాగు చేస్తున్నవాడిని గ్రామసభలో గుర్తించి కార్డివ్వాలన్నది రైతు సంఘాల డిమాండ్.