కాగితం టికెట్ అడిగేవాళ్ళ గురించి: బుకింగ్ కౌంటర్ నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

కర్నూలులో ఒక సింగిల్ స్క్రీన్ థియేటర్‌లో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. మొదట బుకింగ్ క్లర్క్‌ని, ఇప్పుడు మేనేజర్‌ని. గులాబీ, ఆకుపచ్చ, పసుపు రంగు టికెట్ పుస్తకాల్లోంచి ఒక్కొక్కటీ చించి ఇచ్చిన రోజులు నాకు బాగా గుర్తు. ఇప్పుడు అదే కిటికీ వెనక కంప్యూటర్, చిన్న ప్రింటర్ ఉన్నాయి, గేటు దగ్గర స్కానర్ ఉంది. ఫోన్‌లోనే టికెట్ కొనుక్కుని వచ్చేవాళ్ళు ఏటా పెరుగుతున్నారు. అయినా రోజూ ఎవరో ఒకరు కిటికీలోకి వంగి అడుగుతూనే ఉంటారు: "అన్నా, ఫోన్లో ఉండాది గానీ, కాగితం కూడా ఒకటి ఇస్తావా?"

ఇలా అడిగినవాళ్ళని వెనక లైన్లో ఉన్నవాళ్ళు చులకనగా చూస్తారు. మా స్టాఫ్‌లో కొత్త పిల్లలు కూడా ఒక్కోసారి విసుక్కుంటారు. అది చూస్తే నాకు మనసుకి కష్టంగా ఉంటుంది. ఎందుకంటే ఆ అడగడం వెనక చాలాసార్లు సరైన కారణమే ఉంటుంది. అలాగే కాగితాన్ని, ఫోన్‌నీ నమ్మేవాళ్ళలో కొన్ని తప్పు నమ్మకాలూ ఉన్నాయి. రెండూ రాస్తాను.

అపోహ: కాగితం అడిగేది ఫోన్ వాడటం రానివాళ్ళే.

వాస్తవం: ఒక్క వారం కౌంటర్‌లో కూర్చుంటే ఈ మాట ఎవరూ అనరు. పెద్ద హీరో సినిమా మొదటి రోజు కాగితం కోసం పట్టుబట్టేది ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు. యూపీఐలో డబ్బు కట్టి, ఫోన్‌లో టికెట్ తెరిచి చూపించి మరీ ప్రింట్ అడుగుతారు. బెనిఫిట్ షో టికెట్ వాళ్ళకి దాచుకునే వస్తువు. దాని మీద సినిమా పేరు, తేదీ, ఆట టైము, సీటు నంబరు ఉంటాయి. స్క్రీన్‌షాట్ ఫోన్ మారితే పోతుంది, కాగితం పర్సులో ఉంటుంది.

రెండో రకం కుటుంబాలు. పోయిన వేసవిలో ఒక ఆదివారం ఫస్ట్ షోకి ఒకావిడ గేటు దగ్గర ఆగిపోయింది. చంకలో పాప నిద్రపోతోంది. ఇంకో చేత్తో ఐదారేళ్ళ పిల్లాణ్ణి పట్టుకుంది. "ఫోను మా ఇంటాయన జేబులో ఉంది సామీ. ఆయన బండి పెట్టను పోయినాడు. లోపల పేర్లు పడుతాండాయి, పిల్లోడు ఏడుస్తాండాడు" అంది. ఆమె చెప్పేది నిజమని చూస్తేనే తెలుస్తోంది. కానీ స్కాన్ చేయకుండా లోపలికి పంపే అధికారం గేటు మీదున్న అబ్బాయికి లేదు. పార్కింగ్ నిండిపోయి ఆయన వచ్చేసరికి పావుగంట పట్టింది. అంతసేపూ ఆమె ఆ పాపని ఎత్తుకుని గోడకి ఆనుకుని నిలబడింది. ఆమె చేతిలో మూడు కాగితం ముక్కలుంటే ఆ పావుగంట ఉండేది కాదు.

ఆ రోజు నుంచి మా దగ్గర పద్ధతి మార్చాం. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ళు బుకింగ్ నంబరు, ఫోన్ నంబరులో చివరి నాలుగు అంకెలు చెబితే సీటుకొకటి చొప్పున విడివిడిగా ప్రింట్ తీసి ఇస్తాం. కోడుమూరు, గూడూరు, ఓర్వకల్లు వైపు నుంచి ఒకే ఆటోలో ఎనిమిది మంది వస్తారు. ఒకరికి ఉగ్గాని బజ్జీ తినాలని ఉంటుంది, ఒకరు బాత్రూమ్ వెతుక్కుంటారు, ఒకరు చుట్టాల కోసం బయటే ఆగుతారు. ఎనిమిది సీట్లూ ఒకే ఫోన్‌లో ఉంటే అందరూ ఆ ఫోన్ చుట్టూ తిరగాలి. కాగితమైతే పంచుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళొచ్చు.

ఇక పెద్దవాళ్ళు. ఉల్లిగడ్డల లోడు యార్డులో దించిన రైతు తూకం అయ్యాక తక్‌పట్టీ (అమ్మకం చీటీ) చేతికి రాకుండా అక్కణ్ణుంచి కదలడు. అదే మనిషి సాయంత్రం సినిమాకొచ్చి, డబ్బిచ్చి, ఉత్త చేతుల్తో లోపలికి వెళ్ళమంటే ఎట్లా ఒప్పుకుంటాడు? డబ్బు చేతిలోంచి వెళ్ళినప్పుడు దానికి రుజువు చేతిలోకి రావాలన్నది ఆయన జీవితమంతా పాటించిన లెక్క. ఫోన్ వాడటం రాకపోవడానికీ దీనికీ సంబంధం లేదు.

అపోహ: కాగితం టికెట్ అంటే పాత పద్ధతి, కంప్యూటర్ లెక్కలోకి రాదు.

వాస్తవం: కౌంటర్‌లో ప్రింటర్ కదిలేలోపే మీ సీటు సిస్టమ్‌లో నిండిపోతుంది. ఆన్‌లైన్‌లో కొంటున్నవాళ్ళకి అదే క్షణంలో ఆ సీటు గడి రంగు మారి కనిపిస్తుంది. మీ చేతికొచ్చే కాగితం ఆ రికార్డుకి అచ్చు ప్రతి, అంతే.

పాత పుస్తకాల కాలంలోనూ లెక్క గట్టిదే. ప్రతి టికెట్‌కీ వరస నంబరు ఉండేది. గేటు దగ్గర చించిన సగాలు డబ్బాలో పడేవి. ఆట మొదలయ్యాక ఏ క్లాసులో ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా తెగాయో రాసి డీసీఆర్ (రోజువారీ కలెక్షన్ రిపోర్టు) తయారు చేసేవాళ్ళం. డిస్ట్రిబ్యూటర్ తరఫు రెప్రజెంటేటివ్ పక్కనే కూర్చుని సరిచూసుకునేవాడు. మన ప్రాంతాన్ని సినిమా వ్యాపారంలో ఇప్పటికీ సీడెడ్ అనే అంటారు. 1800లో నిజాం ఈ జిల్లాలను బ్రిటిష్ వాళ్ళకి దత్తం చేసినప్పటి పేరది. 1928లో రాయలసీమ అని పేరు పెట్టుకున్నా, కలెక్షన్ షీట్ మీద మాత్రం ఆ పాత మాటే నిలిచిపోయింది.

అపోహ: ఫోన్ అయితే పోవచ్చు గానీ కాగితం ఎన్నేళ్ళైనా ఉంటుంది.

వాస్తవం: ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. పాత రంగు టికెట్ల విషయంలో ఈ మాట నిజమే. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీదికొచ్చినప్పుడు మా ఆఫీసు గదిలోకి నీళ్ళొచ్చాయి. బురదలోంచి తీసిన టికెట్ పుస్తకాలని మేడ మీద ఆరబెట్టాం. కాగితం ముడతలు పడి అట్టల్లా అయింది గానీ అచ్చు పోలేదు. ఒక పుస్తకం నా దగ్గర ఇప్పటికీ ఉంది, నంబర్లు చదవొచ్చు.

ఇప్పుడు మేమిచ్చేది థర్మల్ కాగితం. ఇందులో ఇంకు ఉండదు. కాగితం పైపూతలోనే రంగు లేని డై, దాన్ని నల్లగా మార్చే ఇంకో రసాయనం కలిసి ఉంటాయి. ప్రింటర్ తల చుక్క చుక్కగా వేడెక్కి తాకిన చోట ఆ రెండూ కరిగి కలుస్తాయి, అక్షరం పుడుతుంది. నమ్మకం కుదరకపోతే టికెట్ నున్నటి వైపు గోటితో గట్టిగా గీసి చూడండి. ఆ రాపిడి వేడికే నల్ల గీత పడుతుంది.

అందుకే దీనికి వేడి, వెలుతురు, నూనె, కొన్ని రకాల ప్లాస్టిక్ పడవు. మా కర్నూలు ఎండలో, ఏప్రిల్ మధ్యాహ్నం మ్యాట్నీ వదిలాక, బండి ట్యాంక్ కవర్‌లో పెట్టిన టికెట్ ఇంటికి చేరేసరికి బూడిద రంగుకి తిరిగిపోవడం నేను చూశాను.

ఒక అబ్బాయి సంగతి చెప్పాలి. డిగ్రీ చదివేవాడు. తన అభిమాన హీరో సినిమాల మొదటాట టికెట్లు ఏడెనిమిదేళ్ళవి వరసగా దాచుకున్నాడు. అవి పాడవకూడదని లామినేషన్ షాపుకి తీసుకెళ్ళాడు. వేడి రోలర్ల మధ్యలోంచి మొదటి టికెట్ బయటికొచ్చేసరికి అంచు నుంచి అంచు దాకా నల్లగా, బొగ్గు పలకలా వచ్చింది. షాపతను మెషిన్ తప్పనుకుని రెండోది కూడా పెట్టాడు. ఆ రెండు నల్ల ముక్కల్ని తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "మళ్ళీ ప్రింట్ వస్తుందా అన్నా?" అని అడిగాడు. అప్పటి షోల రికార్డు మా సిస్టమ్‌లో లేదు. ఏం చేయలేకపోయాను. మిగతావి కాపాడుకోవడం ఎలాగో మాత్రం చెప్పి పంపించాను.

అదే మీకూ చెబుతున్నా. వేడి లామినేషన్ వద్దే వద్దు. ప్లాస్టర్ టేపు అంటించొద్దు, దాని జిగురు కింద అక్షరాలు వెలిసిపోతాయి. పీవీసీ కవరులో పెట్టొద్దు. శానిటైజర్, సెంటు తగలనివ్వొద్దు. సినిమా చూసిన రోజే జిరాక్స్ తీయించండి, లేదా ఫోన్‌లో మంచి ఫోటో తీసి పెట్టుకోండి. అసలు టికెట్‌ని మామూలు కాగితపు కవరులో వేసి, చల్లగా చీకటిగా ఉండే చోట, బీరువాలో బట్టల మధ్య ఉంచండి. చాలా ఏళ్ళు నిలుస్తుంది.

అపోహ: స్క్రీన్ పగిలిన ఫోన్‌లో, నెట్ లేనప్పుడు డిజిటల్ టికెట్ పనిచేయదు.

వాస్తవం: ఈ టెన్షన్‌తో కాగితం అడిగేవాళ్ళకి ధైర్యం చెప్పాలి. క్యూఆర్ కోడ్‌ని 1994లో జపాన్‌లో డెన్సో కంపెనీ కార్ల విడిభాగాల లెక్క కోసం తయారుచేసింది. ఫ్యాక్టరీలో మురికి పడుతుంది, గీతలు పడతాయి కాబట్టి కొంత భాగం చెడినా చదవగలిగేలా దాన్ని మలిచారు. కోడ్ ఏ స్థాయిలో చేశారన్నదాన్ని బట్టి 7 నుంచి 30 శాతం దాకా నష్టాన్ని అది భరిస్తుంది. మూడు మూలల్లోని చదరాలు మాత్రం స్పష్టంగా ఉండాలి. స్క్రీన్ మీద ఒకటి రెండు పగుళ్ళున్నా మా స్కానర్ చదివేస్తుంది. ఆగేది ఎక్కువగా బ్రైట్‌నెస్ తక్కువ పెట్టుకున్న ఫోన్ల దగ్గరే. గేటు దగ్గరికి రాకముందే వెలుగు పెంచుకోండి. ఇంటి దగ్గరే స్క్రీన్‌షాట్ తీసుకుంటే మా గేటు దగ్గర నెట్ అవసరం లేదు. ఛార్జింగ్ అయిపోతే మాత్రం దారి లేదు, కౌంటర్‌కి రావాల్సిందే.

అపోహ: ఫోన్ టికెట్లు వచ్చాక బ్లాక్ పోయింది.

వాస్తవం: రూపం మార్చుకుంది. ముందే పది టికెట్లు బుక్ చేసి, హౌస్‌ఫుల్ బోర్డు పెట్టాక రోడ్డు మీద ఎక్కువ ధరకి అమ్మి, క్యూఆర్ బొమ్మని వాట్సాప్‌లో పంపేవాళ్ళున్నారు. అదే బొమ్మని నలుగురికి అమ్మిన సంఘటన మా గేటు దగ్గరే జరిగింది. మొదట స్కాన్ అయినవాడు లోపలికెళ్ళాడు. మిగతా ముగ్గురి దగ్గరా సరిగ్గా అదే టికెట్. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, డబ్బూ ఇచ్చారు. కానీ ఆ సీటు నిండిపోయింది. తెలియనివాళ్ళ దగ్గర కాగితమైనా బొమ్మైనా కొనొద్దు. ఇంకో జాగ్రత్త: ఆట మొదలవకముందే టికెట్ ఫోటో స్టేటస్‌లో పెడితే కోడ్ మీద వేలు పెట్టి ఫోటో తీయండి. కాగితం టికెట్ మీద కోడ్ ఉంటే దానికీ ఇదే వర్తిస్తుంది.

అపోహ: ఆన్‌లైన్‌లో ఎక్కువ పడుతుంది కాబట్టి థియేటర్ వాళ్ళు రెండు ధరలు పెట్టారు.

వాస్తవం: టికెట్ ధర రెండు చోట్లా ఒకటే. ఆన్‌లైన్‌లో పైన పడేది కన్వీనియన్స్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఒప్పందాన్ని బట్టి ఆ ఫీజులో కొంత వాటా థియేటర్లకీ వస్తుంటుంది, ఆ సంగతి దాచను. కౌంటర్‌లో కొంటే ఈ ఫీజు లేదు. నలుగురున్న ఇంటికి అది ఇంటర్వెల్‌లో పిల్లల సమోసాల డబ్బు. కౌంటర్ దాకా వచ్చి కొనేవాళ్ళలో చాలామందికి ఇదే కారణం, న్యాయమైన కారణం. టికెట్ మీద పన్ను వేరే. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయల దాకా ఉన్న టికెట్‌కి అది 5 శాతానికి తగ్గింది, పైదానికి 18 శాతం అలాగే ఉంది.

అపోహ: డబ్బు కట్ అయి టికెట్ రాకపోతే ఆ డబ్బు పోయినట్టే.

వాస్తవం: పోదు. యూపీఐలో డబ్బు కట్ అయి, అమ్మినవాళ్ళకి చేరినట్టు నిర్ధారణ రాకపోతే ఐదు రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలని 2019లో రిజర్వ్ బ్యాంక్ నిబంధన పెట్టింది. ఆలస్యమైతే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఉంది. ఆ లావాదేవీకి 12 అంకెల యూటీఆర్ నంబరు ఉంటుంది, దాన్ని రాసి పెట్టుకుని బ్యాంకులో గానీ యాప్‌లో గానీ ఫిర్యాదు ఇవ్వండి. కౌంటర్‌లో మా అబ్బాయితో గొడవపడితే టైము పోతుంది, సినిమా పోతుంది.

పిల్లలున్నవాళ్ళకి ఒక మాట. థర్మల్ కాగితం పూతలో బిస్ఫినాల్ రకం రసాయనాలు వాడతారు. వాటిలో బీపీఏ అనేదాన్ని ఈ కాగితంలో యూరప్ 2020 నుంచి గట్టిగా కట్టడి చేసింది. టికెట్ ఒకసారి పట్టుకుంటే ఏమీ కాదు, కానీ చంటిపిల్లల నోట్లో పెట్టనివ్వొద్దు. శానిటైజర్ తడి ఆరకముందు పట్టుకుంటే ఆ రసాయనం చర్మంలోకి ఎక్కువగా చేరుతుంది. రోజుకి వందల టికెట్లు చించే మా బుకింగ్ పిల్లలకి అన్నం ముందు సబ్బుతో చేతులు కడుక్కోమని నేను నియమం పెట్టాను.

దాచుకోవడానికే టికెట్ కావాలనుకుంటే గేటు దగ్గర చించకముందే చెప్పండి. మామూలుగా తొందరలో ఎటుపడితే అటు చిరుగుతుంది, సినిమా పేరు సగంలో తెగిపోతుంది. చెబితే మా వాళ్ళు పేరు, తేదీ, సీటు నంబరు ఉన్న వైపు మీకు వదిలి, కింది అంచు మాత్రం చించుకుంటారు.