బండి నేర్చుకోబోతున్న మా పిల్లలకు

బ్రాడీపేట, గుంటూరు.

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు,

తాతయ్య ఆశీస్సులు. మీలో కొందరికి ఈ ఏడాదితో పద్దెనిమిదేళ్లు నిండుతున్నాయి. పరీక్షలు అయిపోగానే ఇంట్లో బండి మాట మొదలవుతుంది. "దానికి తరగతులెందుకు, సాయంత్రం బాబాయి గ్రౌండులో నాలుగు రౌండ్లు తిప్పిస్తే అదే వచ్చేస్తుంది" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ మాట నమ్మవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను అలాగే నేర్చుకున్నాను. 1978లో మా మేనమామ బుల్లెట్ మీద కూర్చోబెట్టి నేర్పారు. ఆనాటి బుల్లెట్‌కు గేర్లు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు ఉండేవి. ఆయన పదేపదే హెచ్చరించింది ఒక్కటే: "ముందు బ్రేకు ముట్టుకోకురా, బోర్లా పడతావు." ఆయన ప్రేమతోనే చెప్పారు, నేను ముప్పై ఏళ్లకు పైగా ఆ మాట తు.చ. తప్పకుండా పాటించాను. 2011 ఆగస్టులో ఒక ఉదయం, చినుకులు పడుతుండగా తాడేపల్లి వైపు వెళుతుంటే, రోడ్డు పక్కన మేస్తున్న గేదె ఒకటి ఉన్నట్టుండి అడ్డం వచ్చింది. ఈ కాలపు బళ్లకు వెనక బ్రేకు కుడికాలి వైపే, దాని మీద నిలబడ్డంత పని చేశాను. వెనక చక్రం తిరగడం ఆగిపోయి పక్కకు జారింది, నేను భుజం మీద పడ్డాను, కాలర్ బోను విరిగింది. గ్రహపాటు అనుకుని ఊరుకున్నాను. అది గ్రహపాటు కాదని, నాకు బ్రేకు వేయడమే రాదని, నిరుడు మన పెద్దమ్మాయి చేరిన శిక్షణ తరగతికి తోడు వెళ్లి గట్టు మీద కూర్చున్నప్పుడు తెలిసింది.

అక్కడి శిక్షకుడు చెప్పిన కారణం మీకూ అర్థమవుతుంది. బ్రేకు వేసిన క్షణంలో బండి బరువు, మన బరువు ముందు చక్రం మీదికి ఒరుగుతాయి. బరువు ఎక్కువ పడిన చక్రమే నేలను గట్టిగా పట్టుకుంటుంది, తేలికపడిన వెనక చక్రం ఇట్టే జారుతుంది. అందువల్ల బండిని ఆపే పనిలో పెద్ద వాటా ముందు బ్రేకుదే. అయితే దాన్ని ఒక్కసారిగా గుంజకూడదు. హ్యాండిల్ తిన్నగా ఉంచి, నిమ్మచెక్క పిండినట్టు వేళ్లు క్రమంగా బిగించాలి, వెనక బ్రేకు కూడా కలపాలి. మలుపులోనూ ఇసుక మీదా మరీ సున్నితంగా వాడాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లకు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అయింది, అంతకు తక్కువ బళ్లకు రెండు బ్రేకులు కలిసి పనిచేసే ఏర్పాటైనా ఉండాలని అప్పుడే నియమం పెట్టారు. అవి ఉన్నా వేళ్లకు అలవాటు కావలసిందే.

నాలాంటి వాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. హ్యారీ హర్ట్ అనే ఆచార్యుడు తన బృందంతో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటారు సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి, 1981లో నివేదిక ఇచ్చారు. ప్రమాదానికి గురైనవారిలో 92 శాతం మంది ఏ శిక్షణా లేకుండా సొంతంగానో, ఇంటివాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లే. ఆపద వేళ వెనక బ్రేకును అతిగా తొక్కి, ముందు బ్రేకును చాలినంత వాడకపోవడం కూడా అందులో నమోదైంది. అది చదివినప్పుడు నాకు తాడేపల్లి రోడ్డే కళ్ల ముందు కదిలింది.

తరగతి మొదటి రోజున ఇంజను స్టార్టు చేయనివ్వలేదు. బండిని చేత్తో నెట్టడం, స్టాండు వేయడం, ఎక్కి కూర్చుని రెండు పాదాలూ నేలకు ఆనుతున్నాయో లేదో చూసుకోవడంతోనే గంట గడిచింది. పిల్లలు విసుక్కున్నారు. నాకు మాత్రం అది సరైన పద్ధతి అనిపించింది, ఎందుకంటే బండి బరువు తెలియనివాడు భయంతోనే నడుపుతాడు.

రెండో రోజంతా హాఫ్ క్లచ్, అంటే క్లచ్‌ను సగం వదిలి బండిని మెల్లగా కదిలించడం. దీని మీద ఎంత సమయం పెడితే అంత మంచిది. మన అమ్మాయి క్లచ్ పూర్తిగా పట్టి, మొదటి గేరు వేసి, రేజ్ ఇవ్వకుండా వేళ్లను వెంట్రుకవాసి చొప్పున వదులుతూ వచ్చింది. ఒక చోట ఇంజను చప్పుడు కాస్త బరువెక్కింది, బండి ముందుకు తొంగిచూసినట్టు కదిలింది. "అక్కడ ఆపు, ఆ చోటు గుర్తుపెట్టుకో" అన్నాడు శిక్షకుడు. మళ్లీ క్లచ్ పట్టడం, మళ్లీ వదలడం, ఇలా ఇరవైసార్లకు పైగా చేయించాడు. మొదట నాలుగుసార్లు బండి గంతు వేసి ఆగిపోయింది. చివరికి కళ్లు మూసుకున్నా ఆ చోటు ఆమె వేళ్లకు తెలిసిపోయింది. కొత్తవాళ్లు కంగారులో క్లచ్ వదిలేసి రేజ్ తిప్పి గోడల మీదికి వెళ్లేది ఈ ఒక్క మెట్టు దాటవేయడం వల్లనే.

తర్వాత చూపు. ఎనిమిది అంకె ఆకారంలో తిప్పేటప్పుడు, మధ్యలో పెట్టిన ప్లాస్టిక్ కోనును చూస్తూ వెళ్లిన ప్రతిసారీ ఆమె దాన్నే గుద్దింది. తల తిప్పి, తాను వెళ్లవలసిన చోటును చూసిన తర్వాత బండి దానంతటదే తిరిగింది. గుంత కనిపిస్తే గుంతను కాదు, దాని పక్కనున్న దారిని చూడాలి. ఆర్టీవో ఆఫీసులో ఎనిమిది వేయించేది కూడా ఇందుకే.

వేగం లెక్క ఒకటి చెబుతాను. 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు సుమారు 11 మీటర్లు పోతుంది, 60లో దాదాపు 17 మీటర్లు. ప్రమాదం గుర్తించి బ్రేకు మీద చేయి పడేసరికే ఒక సెకను గడిచిపోతుంది. ఆ పైన, వేగం ఒకటిన్నర రెట్లయితే బ్రేకు వేశాక ఆగే దూరం రెండుంబావు రెట్లవుతుంది. ప్రసంగాలకన్నా ఈ లెక్క మీకు ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం.

చట్టం సంగతి క్లుప్తంగా. గేర్ల బండికి పద్దెనిమిదేళ్లు నిండాలి. ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే తాత్కాలిక లైసెన్సు, ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు గడిచాక లైసెన్సుకు వెళ్లవచ్చు. అంతవరకు ఎల్ బోర్డు ఉండాలి, నేర్పేవాళ్లను తప్ప వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. మైనరు బండి నడిపి నేరం చేస్తే 2019 సవరణ ప్రకారం పెద్దలకు 25 వేల రూపాయల జరిమానాతో పాటు మూడేళ్ల దాకా జైలు పడవచ్చు, ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు నిండేవరకు లైసెన్సు రాదు. హెల్మెట్‌కు ఐఎస్ఐ గుర్తు చూసుకోండి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే పడ్డప్పుడు అది తలకన్నా ముందే ఎగిరిపోతుంది.

గ్రౌండు దాటి రోడ్డెక్కాక తొందరపడవద్దు. మన బ్రాడీపేటలో లైన్లూ అడ్డరోడ్లూ కలిసే ప్రతి మూలా ఒక కూడలే. ఆదివారం ఉదయాన అక్కడే నెమ్మదిగా తిరుగుతూ, ప్రతి మూలా ఎవరో వస్తున్నారనుకునే వేళ్లు బ్రేకు మీద పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. మిర్చి సీజనులో యార్డు వైపు పోవద్దు. టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తుగా పేర్చిన లారీ పక్కన ఉన్నప్పుడు దాని అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించకపోతే, మీరూ అతనికి కనిపించడం లేదన్నమాట. కరకట్ట మీద ఇసుక లారీల నుంచి రాలిన ఇసుక మలుపుల్లో పరుచుకుని ఉంటుంది, మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించాలి. విజయవాడ వెళ్లే జాతీయ రహదారి, అక్కడి బెంజి సర్కిల్ కూడలి, ఇవన్నీ కొన్ని వారాల తర్వాతి మాట.

తరగతిలో చేరేముందు అక్కడ ఈ సంగతులు అడగండి. ఒక్కో శిక్షకుడికి ఎంతమంది పిల్లలు? గట్టిగా బ్రేకు వేసి ఆపడం సాధన చేయిస్తారా? మొదటి రోజే రోడ్డు మీదికి తీసుకెళతారా? మూడో ప్రశ్నకు అవునంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఫీజు గురించి ఇంట్లో వెనకాడితే నాతో చెప్పండి, నేను మాట్లాడతాను.

వచ్చే ఆదివారం ఆరింటికి అమ్మాయితో పాటు నేనూ గ్రౌండుకు వెళుతున్నాను. ముందు బ్రేకు సాధన నాకింకా మిగిలి ఉంది. రావాలనుకున్నవాళ్లు చెప్పులు కాకుండా బూట్లు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని, ఇంట్లో చెప్పి రండి.

ఇట్లు,
మీ తాతయ్య