నిద్ర కాని నిద్ర: ఆందోళన వైద్యంలోకి హిప్నాసిస్ వచ్చిన దారి

గుండెదడకి, ఊరికే వచ్చే కంగారుకి హిప్నోథెరపీ, అంటే హిప్నాసిస్‌తో చేసే వైద్యం, చేయించుకుంటానని ఇంట్లో చెప్పి చూడండి. "ఎవడో వచ్చి మన మనసుని గుప్పిట్లో పెట్టుకోవడమేంటి?" అంటారు ముందు. ఈ భయం మనకి స్టేజీ మీంచి వచ్చింది. స్కూలు వార్షికోత్సవంలో మెజీషియన్ ఒక కుర్రాణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఉల్లిపాయ చేతిలో పెట్టి "ఆపిల్, తిను" అంటాడు. వాడు కళ్లు ధారగా కారుతున్నా కరకరా నమిలేస్తాడు. తెలుగువాళ్లలో హిప్నాటిజం అనగానే చాలామందికి గుర్తొచ్చే బి.వి. పట్టాభిరామ్‌ని కూడా జనం ముందు మెజీషియన్‌గానే ఎరుగుదురు. భాష కూడా ఈ భయానికే వంత పాడింది. వశీకరణం, సమ్మోహనం: ఏ మాట తీసుకున్నా చేసేవాడిదే పైచేయి. అయితే రెండున్నర శతాబ్దాలుగా ఈ విద్య చుట్టూ నడిచిన తగువే అది. శక్తి చేసేవాడిదా, చేయించుకునేవాడిదా?

మొదట్లో జవాబు సూటిగానే ఉండేది. వియన్నా వైద్యుడు ఫ్రాంజ్ ఆంటన్ మెస్మర్ 1778లో పారిస్ చేరి, తన ఒంట్లోంచి ఒక అయస్కాంత ద్రవం రోగిలోకి పారుతుందన్నాడు. జనం విరగబడ్డారు. 1784లో పదహారో లూయీ రాజు దీన్ని తేల్చమని ఒక సంఘం వేశాడు. అందులో అప్పట్లో ఫ్రాన్స్‌లో అమెరికా రాయబారిగా ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లావోజియే ఉన్నారు. ఫ్రాంక్లిన్ ఇంటి తోటలో మెస్మర్ శిష్యుడొకడు ఒక ఆప్రికాట్ చెట్టుకి 'శక్తి పట్టించాడు'. పన్నెండేళ్ల కుర్రాడికి కళ్లకు గంతలు కట్టి చెట్టు చెట్టుకీ తిప్పారు. వాడు నాలుగో చెట్టు దగ్గర స్పృహ తప్పి పడ్డాడు. అది శక్తి పట్టించిన చెట్టు కాదు, దానికి దూరంగా ఉన్న మామూలు చెట్టు. ద్రవమూ లేదు, గివమూ లేదు, అంతా ఊహ మహిమేనని సంఘం కొట్టిపారేసింది. ఊహకే మనిషిని పడగొట్టేంత బలం ఉంటే ఆ బలంతో నిలబెట్టొచ్చు కదా అని మాత్రం వాళ్లలో ఎవరూ అడిగినట్టు లేదు.

అడిగినవాడు మన దేశంవాడే. గోవాలోని కాండోలిమ్‌లో 1756లో పుట్టిన క్రైస్తవ మతగురువు అబ్బే ఫారియా. 1813లో పారిస్‌లో ప్రదర్శనలిస్తూ, నా చేతుల్లో ఏమీ లేదు, జరిగేదంతా మీ ఏకాగ్రతలోనే, మీ నమ్మకంలోనే అని చెప్పాడు. పారిస్ నవ్వింది. 1819లో పేదగా పోయాడు.

1841లో మాంచెస్టర్ సర్జన్ జేమ్స్ బ్రెయిడ్ ఒక మెస్మరిజం ప్రదర్శనకి వెళ్లాడు. మోసం పట్టుకోవాలని వెళ్లినవాడు ఆలోచనలో పడి ఇంటికొచ్చాడు. స్నేహితుణ్ని వైన్ సీసా మూతివైపు, భార్యని చక్కెర గిన్నె మీది పువ్వువైపు రెప్పవేయకుండా చూడమన్నాడు. నిమిషాల్లో ఇద్దరికీ కళ్లు వాలిపోయాయి. గిన్నెలోంచి శక్తి పారదు కదా! గ్రీకు నిద్రాదేవత హిప్నోస్ పేరుతో ఈ స్థితిని పిలవడం వాడుకలోకి తెచ్చింది ఆయనే. తర్వాత ఇది నిద్ర కాదు, మనసు ఒక్క తలంపు మీద నిలవడమని గ్రహించి పేరు మార్చబోయాడు. అప్పటికే పాత పేరు అతుక్కుపోయింది.

అదే దశకంలో బెంగాల్లోని హుగ్లీలో స్కాట్లాండ్ డాక్టర్ జేమ్స్ ఎస్డెయిల్ మత్తుమందు లేకుండా, మెస్మర్ పద్ధతిలో రోగుల్ని మైకంలోకి దించి పెద్ద పెద్ద కణితులు కోశాడు. ఇంతలో ఈథర్, క్లోరోఫామ్ వచ్చాయి. సర్జన్లకి ఇక దీని అవసరం తీరిపోయింది.

మనోవైద్యంలోనూ అలాంటి దెబ్బే తగిలింది. 1889లో ఫ్రాన్స్‌లోని నాన్సీకి వెళ్లి డాక్టర్ బెర్న్‌హైమ్ దగ్గర హిప్నాసిస్ చూసొచ్చిన ఫ్రాయిడ్, మనోవిశ్లేషణకి ఆద్యుడు, కొన్నేళ్లకే దాన్ని వదిలేశాడు. రోగిని పడుకోబెట్టే సోఫా మాత్రం ఉంచుకున్నాడు. అది హిప్నాసిస్ మిగిల్చిన గుర్తేనని ఆయనే ఒప్పుకున్నాడు.

ఆందోళన వైద్యంతో అసలు ముడి పడింది 20వ శతాబ్దం నడిమిన. బ్రిటన్ వైద్య సంఘం 1955లో, అమెరికా వైద్య సంఘం 1958లో దీన్ని చికిత్సగా గుర్తించాయి. ఆ 1958లోనే దక్షిణాఫ్రికా మనోవైద్యుడు జోసెఫ్ వోల్పె భయాల చికిత్సని ఒక పద్ధతిలో పెట్టాడు. ఒళ్లు వదులు చేయించి, భయపెట్టేదాన్ని మెట్టుమెట్టుగా ఊహలోకి తేవడం. ఒళ్లు వదులు చేయడానికి ఆయన హిప్నాసిస్‌ని వాడుకునేవాడు. ఇప్పటి సెషన్ కూడా ఇంచుమించు ఇంతే. ఇంటర్వ్యూ అంటే చేతులు చెమటలు పట్టే మనిషిని కళ్లు మూసుకోమంటారు. ఊపిరి నెమ్మదించాక, తనకి నిబ్బరంగా అనిపించే చోటు ఏదైనా, అమ్మమ్మ ఇంటి అరుగైనా సరే, కళ్లముందుకి తెచ్చుకోమంటారు. ఆ నిబ్బరం చెదరకుండానే ఇంటర్వ్యూ గది తలుపు తీయిస్తారు. మనిషికి మాటలు వినపడుతూనే ఉంటాయి, వద్దనుకుంటే లేచిపోవచ్చు. కొన్ని సార్లయ్యాక ఇంట్లో తనంతట తాను చేసుకోవడం నేర్పుతారు. నేర్పకుండా మళ్లీ మళ్లీ రమ్మనేవాళ్లని నేనైతే నమ్మను.

పనిచేస్తుందా అంటే, 17 ప్రయోగాలను కలిపి చూసిన 2019 నాటి విశ్లేషణ ఉంది. హిప్నాసిస్ పొందిన సగటు మనిషికి, పొందనివాళ్లలో సుమారు 79 శాతం మందికంటే ఎక్కువగా ఆందోళన తగ్గింది. హిప్నాసిస్ ఒక్కటే వాడినప్పటికంటే వేరే మానసిక చికిత్సతో కలిపినప్పుడే ఫలితం మెరుగు. అందరికీ ఒకేలా పట్టదు కూడా. కొందరు ఇట్టే లీనమవుతారు, కొందరు ఎంతకీ కారు. ఇక పూర్వజన్మలు చూపిస్తామనే వర్క్‌షాపుల సంగతి వేరు. హిప్నాసిస్‌లో బయటపడే జ్ఞాపకాలు మామూలు వాటికంటే నిజమైనవేమీ కావని అమెరికా వైద్య సంఘం 1985లోనే చెప్పింది.

పణజిలో పాత సచివాలయం పక్కన 1945లో పెట్టిన ఫారియా కంచు విగ్రహం ఉంది. వాలిపోతున్న ఒక స్త్రీ మీదికి రెండు చేతులూ చాచి, వేళ్లలోంచి ఏదో శక్తి దూకుతున్నట్టే నిలబడి ఉంటాడు.