రోహిణి కార్తెలో గ్రాఫిక్స్ కార్డు చప్పుడు

"కంప్యూటర్‌లో ఆటలకని ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు కొన్నానండీ. రివ్యూల్లో అందరూ చప్పుడే ఉండదన్నారు. మా ఇంట్లో ఆట మొదలుపెట్టిన కాసేపటికే ఫ్యాన్లు హోరెత్తిపోతున్నాయి. కార్డు పాడైందంటారా?" అని గుంటూరు నుంచి ఒక బీటెక్ కుర్రాడు అడిగాడు. పాడవలేదు. రివ్యూ చేసినవాళ్ళు అబద్ధమూ చెప్పలేదు. వాళ్ళ గది ఏసీలో 22 డిగ్రీల దగ్గర ఉంటుందనుకోండి, ఇతని గది మే నెల మధ్యాహ్నం 36 ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆ 14 డిగ్రీలు చప్పుడుగా ఎలా మారతాయన్న లెక్క నాకు భలే ఇష్టం, పైగా మన వైపు కార్డు కొనే ప్రతి ఒక్కరికీ పనికొస్తుంది కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

కార్డు లాగే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగా బయటికి పోవాల్సిందే. 4060కి అది 115 వాట్ల దాకా, అంతకుముందు తరం 3060కి 170 దాకా. ఈ వేడి ఎలా పోతుందో తెలియాలంటే బెజవాడ వాళ్ళకి ప్రకాశం బ్యారేజీ చాలు. పైనుంచి వచ్చే క్యూసెక్కులు మన వాట్లు. ఎగువ నీటిమట్టం చిప్పు ఉష్ణోగ్రత, దిగువ నీటిమట్టం గది ఉష్ణోగ్రత, 70 గేట్లూ కలిపి ఫ్యాన్. పైనుంచి ఎంత వస్తే అంతా కిందికి వదలాలి, లేకపోతే ఎగువన మట్టం పెరుగుతూనే పోతుంది. మామూలు రోజుల్లో దిగువన సగం ఇసుకే కనిపిస్తుంది, నాలుగు గేట్లు కొంచెం ఎత్తితే చాలు నీళ్ళు ఉరుకుతాయి. 2024 సెప్టెంబరు వరదలో 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు దిగువన కూడా నీళ్ళు లేచాయి. గేట్లు నీళ్ళలో మునిగేంతగా దిగువ మట్టం లేచిందంటే ఇక అదే నీటిని పంపడానికి గేట్లు ఇంకా ఇంకా ఎత్తాలి, ఎందుకంటే అప్పుడు నీటిని తోసేది రెండు మట్టాల మధ్య తేడాయే, ఎగువ మట్టం ఒక్కటే కాదు. వేడి విషయంలో ఎప్పుడూ ఆ వరద రోజే. చిప్పు 67 డిగ్రీలుందంటే సగం సంగతే తెలిసినట్టు, గది కంటే ఎంత పైనుందో కూడా తెలిస్తేనే లెక్క మొదలవుతుంది.

ఇప్పుడు అంకెలు వేద్దాం. చల్లటి గదిలో 22, చిప్పు 67, తేడా 45 డిగ్రీలు. 115 వాట్లని ఆ 45 డిగ్రీలు తోస్తున్నాయి, అంటే వాటుకి 0.39 డిగ్రీ. మన గదిలో 36, చిప్పుని అదే 67 దగ్గర ఉంచాలంటే మిగిలిన తేడా 31 డిగ్రీలే, వాటుకి 0.27. అంటే హీట్‌సింక్, అదే చిప్పు వేడిని గాలికి అందించే లోహపు రెక్కల దిమ్మ, 1.45 రెట్లు సమర్థంగా పని చెయ్యాలి. హీట్‌సింక్ మారదు కాబట్టి ఆ భారమంతా ఫ్యాన్ మీదే పడుతుంది. ఇక్కడే బ్యారేజీ పోలిక వదిలెయ్యాలి. ఫ్యాన్ వేగం రెట్టింపు చేస్తే వేడి తీసే శక్తి రెట్టింపు కాదు. హీట్‌సింక్ రెక్కల సందుల్లో గాలి బాగా సుడులు తిరిగే మంచి పరిస్థితిలో కూడా అది వేగానికి సుమారు 0.8 ఘాతంగా పెరుగుతుంది, మామూలుగా అంతకంటే తక్కువే. ఆ 0.8నే ఉదారంగా తీసుకున్నా ఫ్యాన్ 1.59 రెట్లు తిరగాలి, నిమిషానికి 1300 చుట్లు తిరిగేది 2070 దగ్గరికి వెళ్ళాలి. చప్పుడు మాత్రం వేగానికి దాదాపు అయిదో ఘాతంగా పెరుగుతుంది, ఫ్యాన్ల ఇంజనీర్లు వాడుకునే ఉజ్జాయింపు సూత్రం ఇది. 1.59 లాగరిథం 0.2, దాన్ని 50తో (అయిదో ఘాతానికి 5, డెసిబెల్ లెక్కకి 10) గుణిస్తే 10 డెసిబెల్స్. 10 డెసిబెల్స్ పెరిగితే మనిషి చెవికి సుమారు రెట్టింపు గోలగా వినిపిస్తుంది. కార్డు అదే, ఆట అదే, చిప్పు వేడి కూడా అదే, గది ఒక్కటే మారింది. నిజానికి కార్డు ఏ వేడికి ఎంత వేగమన్న తన ఫ్యాన్ పట్టిక ప్రకారం కొంత వేడి పెరగనిచ్చి కొంత వేగం పెంచుతుంది కాబట్టి పూర్తి 10 రాకపోవచ్చు, కానీ కేబినెట్ లోపలి గాలి గది గాలి కంటే ఇంకో అయిదారు డిగ్రీలు ఎక్కువ ఉంటే అదీ కలుస్తుంది.

ఇంటర్‌లో లాగరిథం అంటే పట్టికలో వెతికే పని అన్నట్టు చెప్పి వదిలేస్తారు, నాకు ఆ సంగతి ఇప్పటికీ బాధగానే ఉంటుంది. చెవి పని చేసే తీరు ఇంచుమించు లాగరిథమే. ఒకే రకం ఫ్యాన్లు రెండు పెడితే 3 డెసిబెల్సే పెరుగుతుంది, దూరం రెట్టింపు చేస్తే బయలు ప్రదేశంలో 6 తగ్గుతుంది. ఒక ఫ్యాన్ తెచ్చి క్లాసులో వినిపిస్తే పిల్లలకి జన్మలో మర్చిపోలేని పాఠం అవుతుంది.

కొలవడం సంగతికొస్తే, మొదట కొలవాల్సింది కార్డుని కాదు, గదిని. సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, ఏసీ ఆపాలి, ఫ్రిజ్ మోటారు ఆగేదాకా చూడాలి, ఇన్వర్టర్ బుర్రుమంటుంటే అదీ పక్కకి పెట్టాలి. బెజవాడలో స్టేషన్‌కి దగ్గర్లో ఉంటే రెండు రైళ్ళ మధ్య దొరికిన సందులో కొలుచుకోవాలి. కార్డు చప్పుడు గది చప్పుడు కంటే 10 డెసిబెల్స్ పైన ఉంటే పొరపాటు అర డెసిబెల్ లోపే. గది 35, కార్డు నడుస్తుంటే 38 చూపించిందనుకోండి, కార్డుది 3 కాదు, 35. ఎందుకంటే కలిసేది శక్తులు, డెసిబెల్స్ కాదు. ఫోన్ యాప్ చూపే అంకెని నమ్మకండి, కానీ ఫోన్‌ని అదే చోట, అదే దూరంలో పెట్టి ముందు ఎంత, తర్వాత ఎంత అని పోల్చడానికి బాగానే పనికొస్తుంది. ఇంకో చిక్కుంది. మీటరు వాడే ఏ-వెయిటింగ్ మన చెవి లాగే మంద్ర స్థాయి ధ్వనుల్ని తగ్గించి లెక్కేస్తుంది, 100 హెర్ట్జ్ దగ్గరైతే 19 డెసిబెల్స్ కోసేస్తుంది. పదకొండు రెక్కల ఫ్యాన్ నిమిషానికి 1500 చుట్లు తిరిగితే రెక్కల స్వరం 275 హెర్ట్జ్ దగ్గర వస్తుంది, వేగం పెరిగేకొద్దీ ఆ స్వరం పైకి ఎక్కుతుంది, చెవికీ మీటరుకీ ఇంకా స్పష్టంగా తగులుతుంది. అందుకే ఒకే అంకె చూపే రెండు కార్డుల్లో ఒకటి హాయిగా, ఒకటి చిరాగ్గా ఉండొచ్చు.

నా మాటేంటంటే, "ఈ కార్డు ఇన్ని డెసిబెల్స్" అన్న వాక్యం గది ఉష్ణోగ్రత చెప్పకపోతే మన ఊళ్ళో దేనికీ పనికిరాదు. పరీక్షని తిరగేసి చెయ్యాలి. ఫ్యాన్ వేగాన్ని చేత్తో బిగించి చప్పుడుని ఒక చోట, ఉదాహరణకి 35 డెసిబెల్స్ దగ్గర, నిలబెట్టి, అరగంట పూర్తి లోడు మీద నడిపి, చిప్పు గది కంటే ఎన్ని డిగ్రీలు పెరిగిందో రాయాలి. ఆ పెరుగుదల హెల్సింకీలోనైనా బెజవాడ పటమటలోనైనా ఇంచుమించు ఒకటే వస్తుంది, దానికి మీ గది ఉష్ణోగ్రత కలుపుకుంటే చాలు. కొన్ని మంచి రివ్యూల్లో ఇలాంటి పట్టిక ఉంటుంది, కొనేముందు దాన్నే చూడండి.

ఇక తగ్గించడం. ఫ్యాన్ జోలికి వెళ్ళకముందు వాట్లు తగ్గించండి. పై లెక్కలోనే 115ని 95కి దించితే పెరగాల్సిన వేగం 1.25 రెట్లే, చప్పుడు 10కి బదులు 5 డెసిబెల్సే పెరుగుతుంది. చిప్పు ఖర్చు వోల్టేజి వర్గంతో పెరుగుతుంది కాబట్టి చివరి కొద్దిపాటి వేగం కోసమే బోలెడు వాట్లు పోతాయి, అవి వదులుకుంటే ఆటలో తేడా పెద్దగా తెలియదు. కేబినెట్ జాలీ శుభ్రంగా ఉంచండి. ఆయుధ పూజ రోజు కంప్యూటర్‌కి బొట్టు పెట్టుకోండి, నేనూ పెడతాను, పసుపూ కుంకుమా మాత్రం జాలీ మీద చల్లకండి, సన్నటి పొడి నేరుగా హీట్‌సింక్ సందుల్లోకి పోతుంది.

ఇప్పటి కార్డుల్లో చిప్పు చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోతాయి. అది చూసి కార్డు పోయిందని టెన్షన్ పడేవాళ్ళున్నారు, అవసరం లేదు. మన ఎండల్లో దీనితో వేరే ఇబ్బంది. ఖాళీగా ఉన్నా చిప్పు 50, 55 దాకా ఎక్కుతుంది, ఫ్యాన్ లేస్తుంది, చల్లబడగానే ఆగుతుంది, మళ్ళీ లేస్తుంది. నిలకడగా ఉండే సన్నటి హోరుకి చెవి అలవాటు పడుతుంది, ఈ లేచి ఆగేదానికి పడదు. వేసవి నాలుగు నెలలూ ఆ సౌకర్యం ఆపేసి, ఫ్యాన్‌ని కనీస వేగంలో ఎప్పుడూ తిరగనివ్వడమే మేలు.

ఫ్యాన్లు నెమ్మదిగా ఉన్నా సన్నగా కీచుమని వినిపిస్తే అది వేరే సంగతి. చిప్పుకి కరెంటు సర్దే తీగ చుట్టల్లో (కాయిల్స్) కరెంటు పెరిగి తరిగినప్పుడల్లా అయస్కాంత బలానికి తీగ, దాని చుట్టూ ఉన్న గుండ అతి సూక్ష్మంగా కంపిస్తాయి. ఆట మెనూ తెర మీద సెకనుకి వెయ్యికి పైగా ఫ్రేములు గీస్తుంటే ఆ కంపనం సరిగ్గా చెవికి బాగా తెలిసే స్థాయిలో పడుతుంది. ఫ్రేముల్ని మీ మానిటర్ చూపగలిగినంతకే, 60కో 144కో, పరిమితం చేస్తే చాలాసార్లు ఆ కీచు వినపడకుండా పోతుంది, వాట్లూ తగ్గుతాయి.